వ్యానుకి ట్రైలర్ లైట్లు, కరెంటు బ్రేకులు: ముందు ఎర్తు వైరు సంగతి చూడండి

చదివే మిగతావాళ్లకి కూడా సంగతి తెలియాలి కాబట్టి మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీది గుంటూరులో క్యాటరింగ్ పని. 12 వోల్టుల డీజిల్ వ్యాను ఉంది. స్టవ్వులు, ఫ్రిజ్, గిన్నెలు పట్టే ట్రైలర్ ఒకటి కట్టించుకున్నారు. బాడీ ఇక్కడిదే. యాక్సిల్ మాత్రం అమెరికా నుంచి వచ్చింది, రెండు చక్రాలకీ 10 అంగుళాల డ్రమ్ముల్లో కరెంటు బ్రేకులున్నాయి. ఒక ప్లగ్గు, ఏడు వైర్ల కేబులు కూడా దాంతోపాటే వచ్చాయి. తెలిసిన మెకానిక్ ఒకాయన వ్యాను టెయిల్ ల్యాంపు వైర్లు గీకి, ట్రైలర్ వైర్లు వాటికి చుట్టి టేపు వేశాడు. ఇప్పుడు బ్రేకు తొక్కితే ట్రైలర్ మీద ఇండికేటర్లు కూడా మసకగా వెలుగుతున్నాయి. పార్కింగ్ లైట్లు వేసి బ్రేకు తొక్కితే స్టాప్ లైటు సరిగా రావట్లేదు. ఇక బ్రేకుల వైరుని కూడా స్టాప్ లైటు వైరుకే కలిపేస్తే చాలని ఆయన అంటున్నాడు, నిజమేనా అని అడిగారు.

కలపొద్దు. ఇప్పటికే కలిపి ఉంటే ఈ రోజే విడదీయండి. ఎందుకో కింద చెబుతాను. ముందు లైట్లు, ఎందుకంటే లైట్లలో ఉన్న జబ్బే రేపు బ్రేకుల్లోనూ బయటపడుతుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా బండ్ల వైరింగ్ పని చేస్తున్నాను. ట్రైలర్ లైట్లు వెలగట్లేదని వచ్చిన వాటిలో చాలావాటికి అసలు లోపం ఎర్తులోనే దొరికింది. మీరు రాసిన లక్షణాలు కూడా అచ్చంగా అవే. ఒక లైటు వేస్తే ఇంకో లైటు మసకగా వెలగడం, రెండు కలిపి వేస్తే ఒకటి చచ్చిపోవడం.

ఇది మన డెల్టా వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. పొలానికి నీళ్లు తెచ్చేది పంట కాలువ, తీసుకుపోయేది మురుగు కాలువ. మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోతే నీళ్లు ఊరికే ఆగిపోవు. గట్టు ఎక్కడ పల్లంగా ఉందో చూసుకుని పక్క చేలోకి దిగుతాయి. కరెంటూ అంతే. స్టాప్ లైటు బల్బులోంచి బయటికొచ్చిన కరెంటు ఎర్తు వైరు పట్టుకుని బ్యాటరీ నెగటివ్‌కి పోవాలి. ఆ దారి మూసుకుపోతే, అదే ల్యాంపులో పక్కనున్న ఇండికేటర్ ఫిలమెంటులోకి వెనక నుంచి ఎక్కుతుంది. ఇండికేటర్ వైరు పట్టుకుని వ్యాను ముందున్న ఇండికేటర్ బల్బు దాకా పోయి, అక్కడున్న మంచి ఎర్తులో దిగుతుంది. మధ్యలో రెండు మూడు బల్బులు వరసగా పడ్డాయి కాబట్టి దేనికీ పూర్తి వోల్టులు అందవు. అందుకే ఆ మసక. ఇండికేటర్ మసకగా కాకుండా పూర్తి వెలుతురుతో వెలిగితే అది వేరే సంగతి, అప్పుడు రెండు వైర్లు ఎక్కడో కలిసిపోయాయని అర్థం.

పరీక్ష చాలా సులువు. వ్యాను బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక పొడుగాటి వైరు తెచ్చి, ట్రైలర్ ల్యాంపు ఎర్తు టెర్మినల్‌కి నేరుగా తగిలించండి. తగిలించగానే లైట్లన్నీ సరిగ్గా వెలిగితే జబ్బు తెలిసిపోయినట్టే. మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. డీసీ వోల్టుల మీద పెట్టి ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి ట్రైలర్ ల్యాంపు ఎర్తుకి ఆనించి, పార్కింగ్ లైట్లు వేసి, బ్రేకు తొక్కించి, రీడింగ్ చూడండి. 0.2, 0.3 వోల్టులు చూపిస్తే ఫరవాలేదు. అర వోల్టు దాటితే ఎర్తు బాగోలేదు. మీటర్‌ని కంటిన్యుటీ మీద, అంటే వైరు తెగిందా లేదా చూసే సెట్టింగ్ మీద, పెట్టి బీప్ వచ్చింది కదా అని వదిలేయొద్దు. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ కొడుతుంది, కానీ ఆ ఒక్క పోగు ఆరేడు ఆంపియర్లు మోయలేదు. లోడు మీద ఉన్నప్పుడు కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

మీ ట్రైలర్‌కి ఎర్తు వైరు అసలు వేశారా లేదా అన్నది మొదట చూడండి. చాలామంది వేయరు. హుక్కు ఇనుమే, ట్రైలర్‌ని తగిలించే బంతీ ఇనుమే, అదే ఎర్తు అవుతుందిలే అనుకుంటారు. ఈ విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి.

సుమారు పదిహేనేళ్ల కిందట షామియానా పని చేసే ఒకాయన జనరేటర్ ట్రైలర్‌కి నేనే లైట్లు పెట్టాను. పెళ్లి ముహూర్తం దగ్గరపడింది, టైము లేదన్నాడు. నేను నాలుగు వైర్లే లాగి, ఎర్తుని హుక్కుకే వదిలేశాను. షాపు ముందు అన్నీ వెలిగాయి. ఆ రాత్రి గుంటూరు పోతుంటే మంగళగిరి దాటాక వాన పట్టుకుంది. బంతి మీద గ్రీజు, దాని మీద నీళ్లు, ఆ బంతి మీద కూర్చునే కప్లర్ అరిగిపోయి ఉంది. బండి కుదిపినప్పుడల్లా ఇనుముకి ఇనుము అంటడం మానేసింది. వెనక లైట్లు పూర్తిగా పోయాయి, ముందున్న డ్రైవర్‌కి ఆ సంగతి తెలియదు. వెనకాల బైకు మీద వస్తున్న భార్యాభర్తలకి అంత పెద్ద బండి దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. ఆయన పక్కకి కోసి పడిపోయాడు. మోకాళ్లు చెక్కుకుపోయాయి, ఆమెకి మణికట్టు విరిగింది. ప్రాణాలకేం కాలేదు. మర్నాడు ఆస్పత్రిలో వాళ్లని చూసొచ్చాక, ఎర్తు వైరు లేకుండా ఒక్క ట్రైలర్‌ని కూడా నా షాపు నుంచి బయటికి పంపలేదు. పది మీటర్ల వైరు ఖర్చు దగ్గర వాదన పెట్టుకునేవాళ్లకి ఈ సంగతి చెబుతాను.

కాబట్టి ట్రైలర్‌కి ఎర్తు అంటే విడిగా ఒక తెల్ల వైరు. ప్రతి ల్యాంపు నుంచి ఒక్కో ఎర్తు వైరు తెచ్చి ట్రైలర్ ముందు భాగంలో ఒకే చోట కలపండి. అక్కడి నుంచి లావాటి వైరు ప్లగ్గులోంచి వ్యానులోకి రావాలి. వ్యానులో ఛాసిస్‌కి బిగించే చోట పెయింటు పూర్తిగా గీకి, మెరిసే ఇనుము కనపడ్డాక, పళ్ల వాషరు వేసి 8 ఎంఎం బోల్టుతో లగ్ (వైరు కొసకి నొక్కే ఇనుప కన్ను) బిగించండి. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. కింద పూసి బిగించడం కాదు, బిగించాక పైన. వీలైతే ఆ వైరుని బ్యాటరీ నెగటివ్ దాకా తీసుకెళ్లడం ఇంకా మేలు. కరెంటు బ్రేకులున్నాయి కాబట్టి మీరు అలాగే చేయండి.

ఇక వైర్లు చుట్టి టేపు వేయడం. గుంటూరు ఎండలకి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. మే నెలలో బండి కింద తారు రోడ్డు సెగ కూడా తోడవుతుంది. ఆ తర్వాత వాన, సర్వీసింగ్‌లో పంపు నీళ్లు. ఆరు నెలల్లో రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టిన అతుకు బయటికి బాగానే ఉన్నట్టు కనపడుతుంది, లోపల పొడి పొడి. సోల్డరింగ్ చేస్తే సరిపోదా అంటారు. కదలని చోట సరే. బండి కింద అదిరే వైరుకి సోల్డర్ పెడితే, సీసం పాకినంత మేర వైరు బిరుసెక్కి, ఆ అంచు దగ్గర విరుగుతుంది. మంచి క్రింపింగ్ పట్టకారుతో టెర్మినల్ నొక్కి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవు వేయండి. పట్టకారుతో నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడివస్తే ఇప్పుడే ఊడిరావాలి.

అసలు వ్యాను టెయిల్ ల్యాంపు వైరు నుంచే ట్రైలర్ ల్యాంపులకి కరెంటు ఇవ్వడం నాకు నచ్చదు. లెక్క చూడండి. స్టాప్ లైటు బల్బు ఒక్కోటి 21 వాట్లు. వ్యానుకి రెండు, అంటే 42 వాట్లు, 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు. ట్రైలర్‌కి ఇంకో రెండు కలిస్తే 7 ఆంపియర్లు. ఆ వైరూ, పెడల్ దగ్గరున్న స్టాప్ లైటు స్విచ్చూ కంపెనీ వాళ్లు రెండు బల్బుల కోసం పెట్టినవి. పైగా కొత్త బండ్లలో చాలావాటికి లైట్లని నడిపేది కంప్యూటర్ యూనిట్. లోడు ఎక్కువైందని అది ఆ లైను ఆపేయొచ్చు, లేదా యూనిట్టే పాడవచ్చు. దాన్ని మార్చాలంటే అయ్యే ఖర్చుతో ట్రైలర్ మొత్తం వైరింగ్ రెండుసార్లు చేయించుకోవచ్చు.

దీనికి పద్ధతి రిలేలు, అంటే కొద్దిపాటి కరెంటు అందగానే పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్చులు. బ్యాటరీ పాజిటివ్ నుంచి, టెర్మినల్‌కి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, ఒక మందపాటి వైరు వెనక్కి తీసుకురండి. అది రిలేల 30వ నంబరు కాలికి ఇవ్వాలి. వ్యాను ల్యాంపు నుంచి తీసుకున్న సన్న వైరు 86కి, ఎర్తు 85కి, ట్రైలర్‌కి పోయేది 87 నుంచి. ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్, స్టాప్, పార్కింగ్, మొత్తం నాలుగు రిలేలు. ఒక్కో రిలే కాయిల్ తీసుకునేది ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు కాబట్టి వ్యాను వైరింగ్‌కి భారం పడదు. కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడు ఒకటి వేయండి, గీత ఉన్న కొస పాజిటివ్ వైపు. కాయిల్ ఆగినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీని అది మింగేస్తుంది. మీది కంప్యూటర్ యూనిట్ ఉన్న బండి అయితే విడి రిలేలకన్నా రెడీమేడ్ ట్రైలర్ మాడ్యూల్ మంచిది. బల్బు బాగుందో లేదో చూసుకోవడానికి ఆ యూనిట్లు చిన్న చిన్న పల్స్‌లు పంపుతుంటాయి. వాటికి మామూలు రిలేలు టిక్కుటిక్కుమంటాయి, ఎల్‌ఈడీలు మినుకుమంటాయి.

రిలేలు పెట్టాక ఒక ఇబ్బంది ఉంది. ట్రైలర్ ఇండికేటర్ బల్బు కాలిపోయినా ఇండికేటర్లని ఆర్పి వెలిగించే వ్యాను ఫ్లాషర్‌కి తెలియదు. డ్యాష్‌బోర్డు మీద ట్రైలర్ ఇండికేటర్ లైన్ల నుంచి ఒక చిన్న పైలట్ ల్యాంపు పెట్టుకుంటే ఫ్యూజు పోయిందో లేదో కొంతవరకు తెలుస్తుంది. కానీ ప్లగ్గు, బల్బు సంగతి బయల్దేరే ముందు కిందకి దిగి చూసుకోవాల్సిందే.

ఇప్పుడు ప్లగ్గులు, రంగులు. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. మన దుకాణాల్లో దొరికే గుండ్రటి ఏడు పిన్నుల 12 వోల్టుల సాకెట్ ఐఎస్ఓ 1724 అనే పద్ధతిలో ఉంటుంది. అందులో 1వ పిన్ను ఎడమ ఇండికేటర్, పసుపు వైరు. 2వది వెనక ఫాగ్ ల్యాంపు, నీలం. 3వది ఎర్తు, తెలుపు. 4వది కుడి ఇండికేటర్, ఆకుపచ్చ. 5వది కుడి టెయిల్ లైటు, గోధుమ రంగు. 6వది స్టాప్ లైటు, ఎరుపు. 7వది ఎడమ టెయిల్ లైటూ నంబరు ప్లేటు లైటూ, నలుపు. గమనించారా, ఇందులో కరెంటు బ్రేకుకి పిన్నే లేదు. ఈ పద్ధతి యూరప్‌లో పుట్టింది. అక్కడి చిన్న ట్రైలర్లకి కరెంటు బ్రేకులు వాడరు. వ్యాను ఆగితే వెనకున్న ట్రైలర్ ముందుకు నెట్టుకొస్తుంది కదా, ఆ నెట్టుడుతోనే ట్రైలర్ బ్రేకు పడే ఏర్పాటు ఉంటుంది. కరెంటు బ్రేకులు అమెరికా, ఆస్ట్రేలియా వాళ్ల పద్ధతి.

మీ యాక్సిల్‌తో వచ్చిన కేబుల్లో నీలం వైరు బ్రేకుది. ఇక్కడి సాకెట్‌లో నీలం ఫాగ్ ల్యాంపుది. రంగు చూసి రంగు కలిపితే, రాత్రి ఫాగ్ ల్యాంపు స్విచ్ వేయగానే నడుస్తున్న ట్రైలర్‌కి పూర్తి బ్రేకు పడుతుంది. అమెరికాలోనే రెండు రకాల రంగుల పద్ధతులున్నాయి. ఒకదాంట్లో ఆకుపచ్చ కుడి ఇండికేటర్, ఇంకోదాంట్లో అదే ఆకుపచ్చ టెయిల్ లైటు. గోధుమ రంగూ అలాగే మారిపోతుంది. పైగా అక్కడ చాలా ట్రైలర్లలో స్టాపూ, ఇండికేటరూ ఒకే ఎర్ర బల్బు. మనకి ఇండికేటర్ విడిగా, కాషాయ రంగులో ఉంటుంది. కాబట్టి ఆ కేబులు రంగుల్ని నమ్మకండి. సాకెట్ వెనక అచ్చేసిన నంబరు చూసి, టెస్ట్ ల్యాంపుతో ఒక్కో పిన్నూ పరీక్షించి, ఒక అట్ట మీద రాసుకుని, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ట్రైలర్ లోపల తలుపుకి అంటించండి. రేపు ఎక్కడో దారిలో ఇంకో ఎలక్ట్రీషియన్ చేతిలో పడ్డప్పుడు అతనికి అదే దిక్కు.

నా సలహా ఏంటంటే, రెండు సాకెట్లు పెట్టుకోండి. లైట్లకి మామూలు ఏడు పిన్నులది. బ్రేకుకీ, ట్రైలర్ చిన్న బ్యాటరీ ఛార్జింగ్‌కీ, వాటి సొంత ఎర్తుకీ కలిపి 30 ఆంపియర్లు పైన మోయగల వేరే కనెక్టర్. రెండింటి ఆకారం వేరుగా ఉండాలి, ఒకదాంట్లో ఇంకోటి దూరకూడదు. అమెరికా ఏడు బ్లేడ్ల సాకెట్ ఒక్కటే పెట్టొచ్చు కదా అంటే, అందులో బ్రేకుకి చోటుంది గానీ విడిగా స్టాప్ లైటుకి లేదు. రివర్సు లైటు బ్లేడుని స్టాప్‌కి వాడేవాళ్లున్నారు. నేను వాడను. అలవాటు లేని మనిషి ఎవరైనా ఆ ప్లగ్గు ముట్టుకుంటే తప్పు జరిగి తీరుతుంది. సాకెట్లు కొనేటప్పుడు 12 వోల్టులదని గట్టిగా చెప్పండి. బస్సులకీ లారీలకీ వాడే 24 వోల్టుల సాకెట్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది, దాంట్లో ఈ ప్లగ్గు కూర్చోదు.

ఇక బ్రేకులు. డ్రమ్ము లోపల ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు ఇవ్వగానే అది తిరుగుతున్న డ్రమ్ము ముఖానికి అతుక్కుని, దాంతోపాటు కొద్దిగా ఈడ్చుకుపోతుంది. అలా పోతూ ఒక లివర్‌ని లాగుతుంది, ఆ లివర్ షూలని డ్రమ్ముకి నొక్కుతుంది. కరెంటు ఎంత ఎక్కువిస్తే అంత గట్టిగా అతుక్కుంటుంది. అంటే కరెంటుని తగ్గిస్తూ పెంచుతూ బ్రేకుని అదుపు చేయాలి. ఆ పని చేసేదే కంట్రోలర్. స్టాప్ లైటు వైరుకి కలిపితే ఏమవుతుందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. సిగ్నల్ దగ్గర నెమ్మదిగా పెడల్ మీద కాలు పెట్టినా పూర్తి 12 వోల్టులు పోతాయి. ఖాళీ ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోతాయి. వాన రోడ్డు మీద వారధి దిగుతుంటే ట్రైలర్ పక్కకి తిరిగి వ్యానుని తోసేస్తుంది. 10 అంగుళాల డ్రమ్ము అయస్కాంతం ఒక్కోటి 12 వోల్టుల మీద సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది, రెండూ కలిపి 6. స్టాప్ లైటు లైనుకి ఆ భారం కూడా తోడవుతుంది.

కంట్రోలర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి టైమర్ రకం. పెడల్ తొక్కగానే మీరు సెట్ చేసిన వేగంతో కరెంటుని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతుంది. మీరు మెల్లగా తొక్కారా, గట్టిగా తొక్కారా దానికి తెలియదు. రెండోది వ్యాను ఎంత గట్టిగా ఆగుతోందో లోపల సెన్సర్‌తో పసిగట్టి, దానికి తగినంత కరెంటే పంపుతుంది. ఖరీదు ఎక్కువైనా రెండోదే కొనండి. బ్రాడీపేట లైన్లలో గజానికోసారి బ్రేకు తొక్కాలి, హైవే మీద ఒక్కసారిగా తొక్కాలి. రెండు చోట్లా టైమర్ రకం ఒకేలా స్పందిస్తుంది. సెన్సర్ రకం బిగించేటప్పుడు అది బండి పోయే దిశకి నేరుగా, గట్టిగా బిగించి ఉండాలి, వంపు ఎంతదాకా ఉండొచ్చో దాని పుస్తకంలో రాసుంటుంది. చేత్తో నొక్కే మాన్యువల్ లివర్ కుడిచేతి స్టీరింగ్ ముందు కూర్చున్న మీకు చూడకుండానే అందాలి. ట్రైలర్ ఊగడం మొదలైతే వ్యాను బ్రేకు తొక్కకుండా, ఆ లివర్‌తో ట్రైలర్‌కి మాత్రమే కొంచెం బ్రేకు ఇస్తే లాగినట్టయి సర్దుకుంటుంది.

కంట్రోలర్‌కి మామూలుగా నాలుగు వైర్లు. నలుపు పాజిటివ్, తెలుపు ఎర్తు, ఎరుపు స్టాప్ లైటు స్విచ్ నుంచి వచ్చే సంకేతం, నీలం ట్రైలర్ బ్రేకులకి పోయేది. ఇక్కడ నలుపు పాజిటివ్ అన్నది జాగ్రత్త, మన అలవాటులో నలుపు అంటే ఎర్తు. తిరగేసి ఇస్తే కంట్రోలర్ పోతుంది. ఆ నలుపు వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచో, ఫ్యూజు బాక్సులో ఖాళీ గడి నుంచో కాదు. బ్యాటరీ దగ్గర దానికి సర్క్యూట్ బ్రేకర్ పెట్టాలి. మీ రెండు బ్రేకులకి 20 ఆంపియర్లది. తనంతట తాను మళ్లీ కలిసే రకం తీసుకోండి. ఫ్యూజు అయితే ఒక్కసారి పోతే ఆ ప్రయాణంలో ఇక బ్రేకు లేనట్టే. ఎరుపు వైరు, పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కరెంటొచ్చే వైపు కలపాలి. ఎప్పుడూ కరెంటుండే వైపు కలిపితే బ్రేకు వదలదు.

వైరు మందం దగ్గర పొదుపు చేయొద్దు. వ్యాను ముందు నుంచి ట్రైలర్ యాక్సిల్ దాకా పది మీటర్లనుకోండి. 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే, 6 ఆంపియర్ల మీద పోయేటప్పుడు ఒక వోల్టు పైచిలుకు, వచ్చేటప్పుడు ఇంకో వోల్టు పైచిలుకు తినేస్తుంది. చివరికి అయస్కాంతానికి పది వోల్టులు కూడా దక్కవు. బ్రేకు బలం ఆ మేరకి తగ్గిపోతుంది, ఎందుకు తగ్గిందో ఎవరికీ తెలియదు. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే రానూపోనూ కలిపి అర వోల్టు. బ్రేకుకి 4, ఎర్తుకి 6 వేయండి. వైరు బయట లావుగా ఉండి లోపల రాగి తక్కువుండే సరుకు కూడా దొరుకుతుంది. ఒక కొస చెక్కి పోగులు చూసి కొనండి. ట్రైలర్‌లో రెండు చక్రాలకీ సమానంగా కరెంటు అందాలి, ఒక చక్రానికి బాగా అంది ఇంకోదానికి అందకపోతే బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఒక పక్కకి లాగుతుంది. ప్లగ్గు ఊడదీసి బ్రేకు పిన్నుకీ ఎర్తుకీ మధ్య ఓమ్‌లు కొలిస్తే రెండు అయస్కాంతాలకి కలిపి రెండు ఓమ్‌ల అటూఇటూ రావాలి. నాలుగు చూపిస్తే ఒకటి పనిచేయట్లేదు.

వ్యాను హైడ్రాలిక్ బ్రేకు పైపు నుంచి ట్రైలర్‌కి లైను తీసుకుంటే కరెంటు గోలే ఉండదని ఎవరైనా చెబితే వినకండి. ట్రైలర్ పైపు పగిలితే వ్యాను బ్రేకులు కూడా పోతాయి.

ట్రైలర్ మీద చిన్న 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ, బ్రేకవే స్విచ్ తప్పకుండా ఉండాలి. హుక్కు ఊడి ట్రైలర్ విడిపోతే స్విచ్‌లోంచి పిన్ను లాగబడి, ఆ బ్యాటరీ కరెంటుతో ట్రైలర్ తనకి తానే బ్రేకు వేసుకుని ఆగుతుంది. ఆ పిన్ను తీగని వ్యాను ఛాసిస్‌కి కట్టాలి. బంతికో, సేఫ్టీ చెయినుకో కడితే అవి ఊడినప్పుడు తీగ కూడా వాటితోనే పోతుంది, పిన్ను రాదు. పరీక్షించేటప్పుడు ముందు వ్యాను ప్లగ్గు ఊడదీయండి, లేకపోతే ఆ కరెంటు వెనక్కొచ్చి కంట్రోలర్‌ని పాడుచేయొచ్చు. పిన్ను లాగి, ట్రైలర్‌ని నెట్టి చూసి, కదలకపోతే వెంటనే పిన్ను పెట్టేయండి. దాన్ని పార్కింగ్ బ్రేకులా వాడితే బ్యాటరీ దిగిపోతుంది, అయస్కాంతాలు వేడెక్కుతాయి. ఆ బ్యాటరీకి ఛార్జింగ్ లైను వ్యాను ఇంజన్ నడిచేటప్పుడే కలిసేలా రిలే ద్వారా ఇవ్వండి. మీ ఫ్రిజ్‌ని మాత్రం దాని మీద నడపొద్దు.

కేబులు పొడవు గురించి ఒక మాట. అరండల్‌పేటలోనో కొత్తపేటలోనో ఇరుకు మలుపు తిరిగేటప్పుడు కేబులు బిగిసి ప్లగ్గు ఊడకూడదు. అలాగని స్పీడ్ బ్రేకర్ మీద నేలకి రాసుకోకూడదు. పూర్తిగా కుడికి, ఎడమకి తిప్పి చూసి పొడవు తేల్చుకోండి. ఇనుప రేకు దాటే ప్రతి చోటా రంధ్రం అంచుకి తొడిగే రబ్బరు గ్రామెట్ వేయండి. వంట బండి కాబట్టి ఎలుకలు వస్తాయి, నూనె వాసన తగిలిన వైరుని అసలు వదలవు. కేబుల్ని పైపులో దూర్చండి. గ్యాస్ సిలిండర్లు పెట్టే అరలోంచి ఒక్క వైరు కూడా పోనివ్వకండి.

కాగితాల సంగతి కూడా ఒకసారి చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ట్రైలర్‌కి దాని సొంత రిజిస్ట్రేషన్ కావాలి. వ్యానుకి హుక్కు వెల్డింగ్ చేయించే ముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి, దేనికి అనుమతి ఉందో తెలుసుకోండి. వైరింగ్ ఎంత బాగా చేసినా ఇది లేకపోతే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు.

పని అయ్యాక సెట్టింగ్. మొదట ట్రైలర్ చక్రం జాకీ మీద లేపి, షూ అడ్జస్టర్ తిప్పి, చక్రం తిరిగేటప్పుడు లైట్‌గా రాసుకునేలా పెట్టండి. ఇది చేయకుండా కంట్రోలర్ ఎంత పెంచినా ఉపయోగం లేదు. తర్వాత మామూలుగా మీరు వేసే బరువంతా వేసుకుని, పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు చూసుకుని వెళ్లండి. 30, 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కుతూ కంట్రోలర్ గెయిన్ (బ్రేకుకి ఎంత కరెంటు పోవాలో పెట్టే సెట్టింగ్) కొంచెం కొంచెంగా పెంచండి. ట్రైలర్ చక్రాలు బిగుసుకున్న చోట ఆపి, అక్కడి నుంచి కాస్త తగ్గించండి. పెళ్లికి పోయేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటారు కాబట్టి రెండింటికీ వేర్వేరుగా గెయిన్ చూసుకుని ఆ రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. కొత్త షూలు కుదురుకోవడానికి కొంత దూరం పడుతుంది, రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి సరిచేసుకోవాలి.

రెండు రోజుల పని ఇది. రెండో రోజు చీకటి పడ్డాక వ్యానులో మీరు కూర్చుని, ఇంట్లో ఎవరినైనా ట్రైలర్ వెనక ముప్ఫై అడుగుల దూరంలో నిలబడమనండి. పార్కింగ్ లైట్లు వేసి ఉంచి, బ్రేకు తొక్కి పట్టుకుని, ఎడమ ఇండికేటర్ వేయండి, తర్వాత కుడిది. మూడూ కలిపి వేసినప్పుడు కూడా ఏ ఒక్కటీ మసకబారకుండా ఉంటే ఎర్తు కుదిరినట్టు. అప్పుడు ఒక మగ్గు నీళ్లు రెండు సాకెట్ల మీదా పోసి, మళ్లీ అదే పరీక్ష చేయండి.